ఏట్టయ్య నాకోసం చెప్పిన అబద్ధం

మంగళవారం పొద్దున కోర్టు వరండాలో ఉండగా ఫోన్ వచ్చింది. "ఏట్టయ్య పోయారు మేడం" అన్నాడు మా పాత స్టేషన్ కానిస్టేబుల్. నిద్రలోనే పోయారట. అంతలో నా కేసు పిలిచారు. ఐదు నిమిషాలు అడిగి, మొహం కడుక్కుని వచ్చి సాక్ష్యం చెప్పాను.

హెడ్ కానిస్టేబుల్‌ని మా చెన్నైలో ఏట్టయ్య అంటారు. నేను ఎస్సైగా మొదట చేరిన స్టేషన్లో ఆయనే నా జోడీ. హోదాలో నేను పైన, పనిలో ఆయన శిష్యురాలిని. అందరి ముందు "మేడం" అనేవారు. జీపు తలుపు పడగానే "ఏం పాపా, తిన్యావా?" అంటూ మన తెలుగులోకి దిగిపోయేవారు. వాషర్‌మెన్‌పేట్‌లో నాలుగు తరాల కాపురం వాళ్ళది. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. నేను వారపత్రికలో కథ చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "ఈడ వాడు అబద్ధమాడతావుండాడు, చూడు" అని నేరస్థుణ్ణి ముందే పట్టేసేవారు.

ఫిర్యాదు ఇవ్వడానికి ఎవరొచ్చినా ముందు కుర్చీ, మంచినీళ్ళు. "నిలబడి చెప్పే మనిషి సగమే చెప్తాడు" అనేవారు. వాంగ్మూలం రాశాక గట్టిగా చదివి వినిపించేవారు. "నోటితో చదవడానికి సిగ్గయ్యే మాట చేత్తో రాయగూడదు పాపా."

నేను రాశాను.

రాయపురంలో చేపలమ్మే ఒకావిడను కారు గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కారు నడిపింది ఒక పెద్దమనిషి కొడుకని టీకొట్టు ఆయన చెప్పాడు. ఆ వాంగ్మూలం ఏట్టయ్య రాశారు, నేను సంతకం చేశాను. సాయంత్రానికి ఆ ఇంటి డ్రైవరు వచ్చి, నడిపింది నేనే అని లొంగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ నన్ను గదిలోకి పిలిచాడు. "ప్రొబేషన్‌లో ఉన్నావు. వాంగ్మూలం మార్చి రాయి, పాతది ఏట్టయ్యను చింపెయ్యమను."  రాశాను, సంతకం పెట్టాను.

 ఆ చేపలావిడ ఆసుపత్రి నుంచి రాగానే ఏట్టయ్య నన్ను ఆవిడ ఇంటికి తీసుకెళ్ళారు. మంచం మీదనుంచే కూతురికి చెప్పి మాకు కాఫీ ఇప్పించింది ఆవిడ. నా చేయి పట్టుకుని, "ఆడపిల్లవి, నువ్వుండావు గదా, నాకేం భయం" అంది తమిళంలో. కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను.

జీపులో ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు. కాసేపటికి, "నేనూ ఒకసారి పెట్టినా సంతకం, నీ వయసులో. ఆ మనిషి ఇంటి వీధిలోకి ఇప్పటిదాకా పోలేకుండా ఉండా" అన్నారు. తర్వాత డైరీ తీసి అందులోంచి మడతపెట్టిన కాగితం నా ఒళ్ళో పెట్టారు. మొదటి వాంగ్మూలం.

"చింపమన్నారు గదన్నా?"

"చింపమన్నారు. ఎప్పుడని చెప్పలా."

ఆ కాగితంతో ఇద్దరం పై అధికారి దగ్గరికి వెళ్ళాం. అసలువాణ్ణి పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ అయ్యాడు. కానీ మార్చిన వాంగ్మూలం మీద నా సంతకం ఉంది కదా, విచారణ వేశారు. ముందు ఆయన్ని పిలిచారు. నేను తలుపు బయట ఉన్నాను. ఆయన గొంతు స్పష్టంగా వినబడింది: "మేడం కొత్త సార్. అట్లా రాయడమే పద్ధతని నమ్మించి రాయించి, సంతకం పెట్టించింది నేనే."

లోపలికి వెళ్ళి కాదనాల్సింది. వెళ్ళలేదు. నన్ను పిలిచినప్పుడూ కాదనలేదు. ఆయన్ని దూరంగా రిజర్వు పోలీసుకు మార్చారు, రావలసిన ప్రమోషన్ ఆపేశారు. నాకు మందలింపుతో సరిపెట్టారు.

"ఎందుకన్నా అట్లా చెప్పినావు?" అని అడిగాను.

"నాకు ఇంక రెండేండ్లే సర్వీసుంది. నీకు ముప్పయ్యేండ్లు. ఇంక కాగితాలు రాయాల్సింది నువ్వే గదా. బాగా రాయి, పో."

ఇప్పుడు నేను ఇన్‌స్పెక్టర్ని. ఎన్నో కాగితాలు రాశాను, ప్రతిదీ గట్టిగా చదివాకే సంతకం పెట్టాను. ఈ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. ఆయన దినం రోజు వాళ్ళింట్లో, నేను వదిన అని పిలిచే ఆయన భార్య పక్కన కూర్చుని చెప్పేశాను: ఆ సంతకం నేను తెలిసే పెట్టాను వదినా, అన్న చెప్పింది అబద్ధం.

"నాకు తెలీదా?" అంది వదిన. "ఆ పొద్దే చెప్పినాడు. పాప బయటే నిలబడి ఉండింది, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు అని ఒకటే బాధ."

ఆయన్ని చివరిసారి చూసింది పురసవాక్కంలో, దీపావళికి ముందు. రోడ్డు నిండా బస్సులు, ఆటోలు. రెండు చేతుల్లో చీరల సంచులతో వదిన దాటలేక నిలబడింది. ఆయనది తెల్ల పంచె, మామూలు చొక్కా, ఒంటిమీద యూనిఫాం లేదు, చేతిలో విజిల్ లేదు. ఏట్టయ్య తాపీగా రోడ్డు మధ్యకు నడిచి, అరచేయి ఎత్తి నిలబడ్డారు. బస్సు ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. వదిన నింపాదిగా దాటింది. ఆమె వెనక ఇంకో పదిమంది దాటారు. చివరి మనిషి గట్టెక్కేదాకా ఆయన చేయి దించలేదు.