మిలటరీ ఇన్సూరెన్సు, పెద్దల ఇన్సూరెన్సు, మధ్యలో నేను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు ఉన్న మనిషికి తెలియకుండా ఏం మిగులుతుంది? బహ్రెయిన్ వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మనామాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఇన్సూరెన్సు కౌంటర్ గుమస్తాను. రోగుల కాగితాలు కంపెనీలకు పంపడం, వాళ్ళు తిప్పి కొడితే మళ్ళీ పంపడం నా డ్యూటీ. అయితే నయీమ్ పేటలో నలుగురం సర్దుకుని ఉండే గదిలోనూ, శుక్రవారం సెలవునాడు చర్చిలో జరిగే తెలుగు ఆరాధనలోనూ నేను గుమస్తాను కాను, నిపుణుణ్ణి. దానికి కారణం ఒక పన్ను. ఆరాధనకు వచ్చే ఒక అన్నయ్య పంటి వైద్యం బిల్లును కంపెనీ రెండుసార్లు కాదంటే, మూడోసారి నేను పంపాను, మంజూరైంది. (నేను చేసిందల్లా ఆయన పుట్టిన తేదీ సరిదిద్దడమే. ఆ రహస్యం ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడే బయటపెడుతున్నాను.) ఆ రోజు నుంచి అందరూ నన్ను ‘ఇన్సూరెన్సు తమ్ముడు’ అనేవాళ్ళు. ఒకరికి మోకాలు, ఒకరికి కళ్ళజోడు, ఒకరికి ఊళ్ళో అత్తగారి కార్డు, ఎవరు ఏమడిగినా ఆలోచించకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఆలోచిస్తే తెలియదని అనుకుంటారేమోనని భయం.

ఆ పేరు అమ్వాజ్ ఆంటీ దాకా వెళ్ళింది. ఆవిడది భీమవరం వైపు. నర్సుగా వచ్చి, ఇక్కడ ఓడల్లో పనిచేసే అమెరికా నేవీ ఆయన్ని పెళ్ళి చేసుకుని, ఆయన రిటైరయ్యాక అమ్వాజ్‌లో చిన్న ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడింది. ఆయన్ని మేమంతా నేవీ అంకుల్ అనేవాళ్ళం. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, గడప దాటేటప్పుడు కూడా తల వంచేంత పొడుగు. తెలుగులో ఆయనకు ‘బాగున్నావా’, ‘చాలు’, ‘ఇంకొంచెం’ అనే మూడు మాటలు వచ్చు. భోజనం దగ్గర రెండో మాటకంటే మూడోదే ఎక్కువ వాడేవారు. మిగతాదంతా ఇంగ్లీషే, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక ఆంటీ నన్ను పక్కకు పిలిచి, “ఏం బాబూ, నువ్వు ఇన్సూరెన్సులు అవీ బాగా చూస్తావంట కదా. మధ్యాహ్నం మా ఇంటికి రా. చేపల పులుసు పెట్టాను. మీ అంకుల్ కాగితాలు కాస్త చూసిపెడుదువుగాని,” అంది. చేపల పులుసు అన్నాక నిపుణులు ఆగరు.

తిన్న తర్వాత ఆంటీ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా కాగితాలు. సంగతేమిటంటే, అంకుల్‌కు రెండు ఇన్సూరెన్సులున్నాయి. ఒకటి మిలటరీలో పనిచేసి రిటైరైనందుకు వచ్చింది. రెండోది అరవై ఐదు దాటినవాళ్ళకు వాళ్ళ దేశ ప్రభుత్వం ఇచ్చేది. ఇక్కడ ఆసుపత్రికి వెళ్తే ముందు చేతి నుంచి కట్టి, కాగితాలు పంపితే మిలటరీది చాలావరకు తిరిగి ఇస్తుంది. పెద్దల ఇన్సూరెన్సు మాత్రం వాళ్ళ దేశం దాటితే దాదాపు ఏదీ ఇవ్వదు. అయినా డాక్టర్ల ఖర్చుకని పెట్టిన దాని రెండో భాగానికి నెలనెలా రుసుము కోత పడుతూనే ఉంది.

“చూడు బాబూ,” అంది ఆంటీ, “ఆ మిలటరీదంటే సరే, ఆలస్యమైనా ఇస్తారు. ఈ రెండోదేంటంట? ఇక్కడ జ్వరం బిళ్ళకు కూడా పనికిరాదు. మరి ఎందుకు కట్టడం?”

అంకుల్ గడ్డం నిమురుకున్నారు. “దాన్ని వదలొద్దని రిటైరైనప్పుడు ఎవరో గట్టిగా చెప్పారు. ఎందుకో ఇప్పుడు గుర్తు రావడం లేదు.”

అప్పుడైనా నేను ఆగి ఉండాల్సింది. ఆ కారణం ఆయనకు గుర్తు రాలేదు, నాకసలు తెలియదు, ఇద్దరం సమానమే. కానీ నా మెడలో కార్డు ఉంది. “అది అమెరికాలో ఉండేవాళ్ళకు చెప్పే మాట అంకుల్. మీరు ఇక్కడే ఉంటారు కదా. మానేయండి,” అన్నాను. ఆ ‘మానేయండి’ అనడంలో ఎంత హాయి ఉందో ఇప్పటికీ గుర్తే. అంతటితో ఆగానా? వాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చుని, ‘నాకు రెండో భాగం వద్దు’ అని ఆయన తరఫున ఉత్తరం నేనే టైపు చేశాను. వినయం, ఖచ్చితత్వం, చివర ధన్యవాదాలు అన్నీ ఉన్న చక్కటి ఉత్తరం. ఆయన సంతకం పెట్టారు. ఆంటీ తృప్తిగా నిట్టూర్చి, “హమ్మయ్య, వచ్చే నెల ఈయనకు గుండె ఆపరేషన్. ఆలోపు ఈ కాగితాల గోల ఒకటి తగ్గింది,” అని నాకొక ఆవకాయ సీసా కట్టి ఇచ్చింది.

సోమవారం క్లినిక్‌లో ఊరుకోలేక మేడమ్‌కు చెప్పాను. మేడమ్ అంటే మా కౌంటర్ పెద్ద, బహ్రెయినీ ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉంది. మాతో హిందీలో మాట్లాడేది, కోపం వస్తే అరబిక్‌లో, మరీ కోపం వస్తే అసలు మాట్లాడేది కాదు. నేను చెప్పింది విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆయన వయసెంత?”

“డెబ్బైకి దగ్గర, మేడమ్.”

“మిలటరీ నుంచి రిటైరైన మనిషి. నువ్వు రెండో భాగం మానేయమన్నావు.”

“ఇక్కడ పనికిరాదు కదా, మేడమ్.”

“ఆ పుస్తకం చదివావా?”

“ఏ పుస్తకం, మేడమ్?”

“నువ్వు మోచెయ్యి ఆనించుకున్నది.”

నిజమే. ఉద్యోగంలో చేరిన రోజున ఇచ్చిన ఆ ఇన్సూరెన్సు నిబంధనల పుస్తకం ఎత్తు నా మోచేతికి సరిగ్గా సరిపోయేది. మేడమ్ దాన్ని లాగి, ఒక పేజీ తీసి నా ముందు పెట్టింది. చదివాను. మళ్ళీ చదివాను. అరవై ఐదు దాటిన మిలటరీ రిటైరీకి మిలటరీ ఇన్సూరెన్సు నిలవాలంటే పెద్దల ఇన్సూరెన్సు రెండో భాగం ఉండి తీరాలి. ఏ దేశంలో ఉన్నా సరే. ఇది పోతే అదీ పోతుంది. పరాయి దేశంలో పెద్దలది ఏమీ ఇవ్వదు కనుక మిలటరీదే ముందుకొచ్చి ఇస్తుంది. అంటే అంకుల్ నెలనెలా కడుతున్నది పనికిరాని దానికి కాదు, పనికొచ్చేదాన్ని బతికించడానికి. పోనీ మళ్ళీ చేరదామా అంటే ఏడాదికొకసారి తలుపు తెరుస్తారు, రుసుము బతికినన్నాళ్ళూ ఎక్కువ పడుతుంది. ఆపరేషన్ చూస్తే వచ్చే నెలే.

ఆంటీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంకుల్ ఎత్తలేదు. మేడమ్ తిట్టలేదు. “యల్లా, వెళ్ళు. ఫోన్లో కాదు, ఎదురుగా చెప్పు,” అంది. అదే సమయానికి మా క్లినిక్ వ్యాన్ బయలుదేరుతోంది. దాన్ని నడిపేది కరీంనగర్ అన్న. అమ్వాజ్‌కు తీసుకెళ్ళమన్నాను. సరేనన్నాడు గాని ముందు కర్జకాన్‌లో ఒక ముసలాయన రక్తం శాంపిల్ తేవాలట. కర్జకాన్ పడమట, అమ్వాజ్ తూర్పున సముద్రంలో. దీవి ఎంత చిన్నదైనా దాని రెండు చివర్లకూ వెళ్ళాల్సిన రోజున చిన్నదనిపించదు. ఆ ఇంట్లోవాళ్ళు మర్యాదస్తులు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, ఖర్జూరాలు పెట్టారు, కప్పు ఖాళీ చేస్తే మళ్ళీ పోశారు. (వద్దనుకుంటే కప్పును కాస్త ఊపాలని నాకు తెలియదు. నాలుగు కప్పులు తాగాను. అన్న చూస్తూ నవ్వుకుంటున్నాడు.)

వ్యాన్‌లో అన్నకు మొత్తం చెప్పేశాను. “నాకు గిట్లనే అయింది తమ్మీ,” అన్నాడు. “నువ్వు దుబాయిల ఉంటివి గదా, రేషన్ కార్డుల నీ పేరెందుకని మా దోస్తుగాడొకడు తీసేపిచ్చిండు. మంచికే చేసిండు పాపం. తీసెయ్యవోతె ఏం తప్పు రాసిన్రో, కార్డే రద్దయింది. ఆ కార్డు మీదనే దవాఖాన కార్డు. మా అమ్మకు కాలిరిగితె అప్పుడు తెలిసింది.”

“అప్పుడేం చేశావన్నా?”

“ఏం జేస్త? ఆడు ఇంటికచ్చి నా కాడ ఏడ్సిండు. ఇద్దరం కలిసి ఆరు నెలలు ఆఫీసుల పొంటి తిరిగినం. నువ్వు గూడ పోయి చెప్పు. దాచకు.”

అమ్వాజ్ చేరేసరికి సాయంత్రం అయింది. ఉత్తరం నిన్ననే పోస్టులో పడిందట. నేను నిలబడే చెప్పాను, తప్పు నాదేనని, చదవకుండా చెప్పానని. ఆంటీ “ఆపరేషన్ పెట్టుకుని, బాబూ,” అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. గిన్నెల చప్పుడు లేదు, నీళ్ళ చప్పుడే. అంకుల్ నా వంక చూసి, “నువ్వు చెప్పావు. సంతకం నేను పెట్టాను. కూర్చో,” అన్నారు. ఆయన వాడే మూడు తెలుగు మాటలకు ఆ రోజు ‘కూర్చో’ నాలుగోదయింది.

ఇక్కడ సాయంత్రమంటే వాళ్ళ దేశంలో ఉదయం. అక్కడి పెద్దల ఇన్సూరెన్సు ఆఫీసుకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. సంగీతం మొదలైంది. గంటకు పైగా అదే పియానో, అవే ఎనిమిది స్వరాలు. మధ్యమధ్య రికార్డు చేసిన గొంతొకటి పలికినప్పుడల్లా ఆంటీ వంటింట్లోంచి పరుగున వచ్చేది, మనిషి కాదని తెలిసి వెనక్కు వెళ్ళేది. అంకుల్ కునికిపాట్లు పడుతున్నారు. నేను ప్రార్థన చేసుకుంటూ, ‘ప్రభువా, ఇకమీద ఏది చెప్పినా చదివే చెబుతాను’ అని మాటిచ్చాను. పియానో ఆగింది. ఒక స్త్రీ గొంతు, ఈసారి నిజమైనదే. అంకుల్ సంగతంతా చెప్పారు. ఆవిడ కంప్యూటర్లో చూసి, ఉత్తరం ఇంకా రాలేదంది. వచ్చినా ఒట్టి ఉత్తరం చూసి ఆపేయరట, ముందు మనిషితో మాట్లాడి, ఏమేం పోతాయో చెప్పి మళ్ళీ అడుగుతారట. అయినా మంచిదే, ఆ ఉత్తరాన్ని వెనక్కు తీసుకుంటున్నానని ఇంకొకటి రాసి పంపమంది. ఆఖరున అడిగింది, “ఇంతకీ మీకీ సలహా ఎవరిచ్చారు?”

నేను నేల చూశాను. “ఒక స్నేహితుడు,” అన్నారు అంకుల్. “మంచివాడే. కొత్తగా ఉద్యోగంలో చేరాడు.”

రెండో ఉత్తరం కూడా నేనే టైపు చేశాను. ఈసారి ప్రతి వాక్యం అంకుల్ రెండుసార్లు చదివారు, ఆంటీ మూడుసార్లు చదివింది. ఆపరేషన్ బాగా జరిగింది. నేను క్రమంగా పేర్చిన కాగితాల మీద మిలటరీ ఇన్సూరెన్సు ఇవ్వాల్సింది ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికారు. ప్రతి శుక్రవారం ఆరాధనకు వచ్చి, తల వంచి తలుపు దాటి, నన్ను చూడగానే ‘బాగున్నావా’ అనేవారు. ఆంటీ మాత్రం కొత్తవాళ్ళకు నన్ను, “మా వాడే, ఒకసారి మమ్మల్ని నిలువునా ముంచబోయి, వాడే వచ్చి చెప్పాడు,” అని పరిచయం చేసేది. ఇప్పటికీ అలాగే చేస్తుంది.

మేడమ్ రిటైరై, ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆ పుస్తకం కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక ఒకాయన వాళ్ళ నాన్నగారి కాగితాలు తెచ్చాడు. నాన్నగారు మన సైన్యంలో చేసి రిటైరయ్యారు, సైన్యం వాళ్ళ వైద్యం కార్డు ఉంది. డెబ్బై దాటాయి కనుక ప్రభుత్వం పెద్దలకిచ్చే కార్డు కూడా తీసుకోవచ్చని ఎవరో అన్నారట. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని అడిగాడు. “కాగితాలు ఇచ్చి వెళ్ళండి. ఒకటి తీసుకుంటే రెండోదానికి ఏమవుతుందో చదివి, అక్కడి ఆఫీసులో కూడా అడిగి, వచ్చే వారం చెబుతాను,” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. వెళ్తూ పక్కాయనతో అంటున్నాడు, “ఇన్నేళ్ళ సర్వీసంటారు గాని, ఈయనకు పెద్దగా తెలిసినట్టు లేదండీ. ఏదడిగినా చదివి చెప్తానంటాడు.”

ఏమీ తెలియని రోజుల్లో నన్ను నిపుణుడన్నారు. పిలిచి ఆయనకేమైనా చెబుదామా అనుకున్నాను. మళ్ళీ నవ్వొచ్చి, నా టీ తీసుకుని ఆంటీ పక్కన వెళ్ళి కూర్చున్నాను.