చెంబు నా చేతిలో లేని గురువారం

ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం పూజలో ఏసు ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన గుర్తుగా మా ఫాదర్ గారు పన్నెండు మంది విశ్వాసుల పాదాలు కడుగుతారు. ఆయన పక్కనే ఇత్తడి చెంబుతో నీళ్ళు పోస్తూ నడవడం ఏళ్ళ తరబడి నా పని. నేనెవరినని ఎప్పుడైనా ఆలోచిస్తే, ఇంటిపేరు కంటే ముందు ఆ చెంబే గుర్తొచ్చేది. ఇంట్లోనూ అంతే. అందరికీ వడ్డించి, చివర్లో నేనే పెట్టుకుని తినేదాన్ని.

ఈ ఏడాది మోకాళ్ళు మొరాయించాయి. వంగితే లేవలేను. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు నన్ను ఆపి, "ఈసారి ఆ పన్నెండు మందిలో మీరూ కుర్చీలో కూర్చోండమ్మా. చెంబు మీ కోడలికివ్వండి" అన్నారు.

"నా కాళ్ళు మీరు కడగడమేటండి ఫాదర్ గారూ. ఓ పక్కన నిలబడతాను లెండి."

"ప్రభువు కాళ్ళు కడగబోతే ఆ రోజు ఒక శిష్యుడూ ఇలాగే వద్దన్నాడు. సువార్త మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. జ్ఞానోపదేశానికి వచ్చే పిల్లలకు ఆ అధ్యాయం చెప్పేది నేనే. ఆ శిష్యుడి మొండితనానికి నవ్వేదాన్ని కూడా. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు. చెంబు ఇచ్చేస్తే ఇక గుడిలో నేనేమిటి?

"కూర్చోమంటే ఏడుస్తావేటి? నన్నైతే ఎవరూ కూర్చోమనరు" అన్నారు మావారు.

గురువారం మధ్యాహ్నం పాదాలు సబ్బుతో రుద్ది, మడమల పగుళ్ళకు కొబ్బరినూనె రాస్తుంటే మళ్ళీ ఆయనే, "కడగడానికి ఫాదర్ గారికేమన్నా మిగులుస్తావా?" అన్నారు. ఇలా ముందే కడుక్కునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. గుడిలో చూస్తే, నా పక్క కుర్చీలో కూర్చున్న దరియాలతిప్ప చేపల వ్యాపారి పాదాలు నా వాటికంటే తళతళలాడుతున్నాయి. సెంటు కూడా పూసినట్టున్నారు.

ఫాదర్ గారు మోకరించి నా పాదం చేతిలోకి తీసుకున్నారు. కోడలు చెంబు వంచింది. చల్లటి నీళ్ళకు ఉలిక్కిపడ్డాను.

"వేణ్ణీళ్ళు కలపలేదేంటే?" అన్నాను గొంతు తగ్గించి.

"కలపాలని మీరు చెప్తేగా అత్తయ్యా."

నిజమే. ఏటా ఇంటినుంచి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకెళ్ళి చెంబులో కలిపేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఫాదర్ గారు నవ్వాపుకుంటూ పాదం తుడిచారు. నా చేతులు ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి. ఆ సమయంలో నేను ఎవరికీ ఏమీ చేయడం లేదు. అయినా నన్నెవరూ బయటికి పొమ్మనలేదు. ప్రభువు పిలిచింది చెంబును కాదు, నన్ను. ప్రభువు చేత కడిగించుకోవాలని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పిన మాట ఆ కుర్చీలో కూర్చున్నాకే నాదయింది. హాయిగా నవ్వొచ్చింది.

ఇంటికెళ్ళాక అందరితో పాటే భోజనానికి కూర్చున్నాను. కోడలు గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది.

"చూస్తావేంటే, ఇంకాస్త వెయ్యి."

వేసి, "వచ్చే ఏడూ కూర్చుంటారా అత్తయ్యా?" అంది.

"నీళ్ళు వెచ్చగా ఉంటే కూర్చుంటాను" అన్నాను.