గున్నమ్మత్త తిరగేసి చూసిన కొక్కులు

మా మేనత్త గున్నమ్మ బడి గుమ్మం తొక్కలేదు. నేను కోటబొమ్మాళి పక్క ఊళ్లో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. పుట్టగొడుగుల విషయంలో మాత్రం మా ఇద్దరిలో పంతులు ఆవిడే. మా వైపు వాటిని పుట్టకొక్కులంటారు. ఆషాఢంలో రెండు వానలు పడి ఉరిమిందంటే ఆడవాళ్లు పొలంగట్ల మీది పుట్టల చుట్టూ తిరిగి ఒడి నింపుకొస్తారు. కానీ గున్నమ్మత్త చూసి ఊఁ అనందే ఏ పొయ్యి మీదికీ కొక్కు ఎక్కదు. ఆవిడ ఒక్కొక్కదాన్నీ తిరగేసి, గొడుగు అడుగున రేకుల రంగు చూసి, వేరు తడిమి, వాసన పట్టి, మంచివి ఇటూ చెడ్డవి అటూ వేస్తుంది. చూసినందుకు గుప్పెడు కొక్కులు ఆవిడ వాటా.

ఓసారి నా పాఠం ఆవిడకే అప్పజెప్పాను. పుట్టగొడుగు అనే ఈ శిలీంధ్రం మొక్క కాదు, చెప్పాలంటే జంతువులకే దగ్గరి చుట్టం. పచ్చదనం లేదు కనుక ఎండతో తిండి వండుకోలేదు. చచ్చిన ఆకునీ కట్టెనీ కుళ్లబెట్టి సారం పీల్చుకుంటుంది. అసలు ఒళ్లు నేలలోని సన్నని తెల్లదారాలే, మనం కోసుకునేది దాని కాయ లాంటిది. ఆ గొడుగు కింద రేకుల్లోంచి రాలే ధూళే దాని విత్తనం. పుట్టలో చెదపురుగులు ఆకూ అలమూ నమిలి, మడి కట్టి, ఆ దారాల్ని పెంచుకుని తింటాయి.

అత్త అంతా విని, "అయితే సెద కూడా మనలాగే ఎవసాయం సేస్తాదన్నమాట. పాపం, దానికీ పంటంతా దక్కదు, మనం ఎత్తుకొచ్చేస్తన్నాం" అంది. ఆ మాట మర్నాడు క్లాసులో నాదిగా చెప్పేశాను.

కిందటేడు నా భార్య భారతి గెత్తం కుప్ప పక్కన, ఎరువు కుళ్లేచోట, తెల్లగా బలిసిన కొక్కులు బుట్టెడు తెచ్చి అత్తకు చూపించింది. అత్త నాలుగు తిరగేసి, "బాగున్నాయే, వొండుకో" అంది. మా ఇంటి కొక్కుల్లో మాత్రం ఆవిడ వాటా తీసుకోదు. పసుపేసి ఉడికిస్తే కూర నల్లబడలేదని మా అమ్మ లక్ష్మణమ్మ ఇంకాస్త ధైర్యం చెప్పింది. ఆ పసుపు పరీక్ష ఉత్తదని నాకు తెలుసు. తెలిసీ రెండోసారి వడ్డించుకున్నాను. రెండు గంటలు తిరక్కుండా ముగ్గురం వాంతులతో ఆసుపత్రిలో పడ్డాం. సెలైన్లు ఎక్కాక ఎలాగో బయటపడ్డాం.

ఇంటికొచ్చాక అమ్మ భారతిని తగులుకుంది. "వదిన సూసిన కొక్కు ఏనాడూ తప్పలేదు. నువ్వే తరవాత ఇంకేటో కలిపీసుంటావు."

భారతి కాదంటే వినేవాళ్లు లేరు. బోరింగు దగ్గరా అదే మాట. నేనైనా నోరు విప్పానా? బుట్టలో మిగిలిన కొక్కు తిరగేస్తే అడుగున రేకుల్లో ఆకుపచ్చ ఛాయ కనిపించింది, అది విషపుదాని గుర్తు. అయినా అత్తను తప్పుపట్టడానికి నాకు మాట రాలేదు. పెళ్లాన్ని నిందకు వదిలేయడం సులువనిపించింది. సిగ్గుచేటు. నాలుగు రోజులకు భారతి, "నేనే కలిపేనేమో, నాకే గుర్తులేదేమో" అనడం మొదలెట్టింది.

ఐదో రోజు పెద్దవాన. తెల్లారి ఆడవాళ్లు గంపలతో అత్త అరుగు దగ్గర చేరారు. ఆవిడ ఏ గంపా ముట్టలేదు. గోడ పట్టుకుని లేచి మా ఇంటికి నడిచొచ్చింది. వెనకే వాళ్లంతా వచ్చారు.

"లచ్చనమ్మా, ఆ పిల్లనేటీ అనకు. రెండేళ్లయి నా కళ్లకి పొర కమ్మింది. తెలుపేదో పచ్చేదో అవుపడదు. సెప్తే ఇంకెవులూ నా గుమ్మానికి రారని దాసీసినాను. మిమ్మల్ని సంపేసేదాన్ని" అంది అత్త. తల మాత్రం దించలేదు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లకు ఆపరేషను చేయిద్దాం, చిటికెలో పని అని నేను అందుకున్నాను.

"అదలాగుంచరా పంతులూ" అని, అత్త ఒక గంప భారతి ముందుకు జరిపింది. "ఇకమీదట నువ్వు సూడాల. నాను సెప్తాను, నువ్వు సూడు."

భారతి వెనక్కి జరిగింది. "నావల్ల కాదత్తా. నాకు బయ్యం."

"బయ్యమున్నోలే సూడాలే. నాకది పోయింది. అందుకే నా నోట తప్పొచ్చింది."

భారతి గంప ముందు కూర్చుంది. తర్వాత ఒక కొక్కు తీసి తిరగేసింది. వెలుతురుకు ఎత్తి చూసింది, మళ్లీ చూసింది. "ఇదేటో నాకు తెల్దు. వొద్దు" అని పక్కన పడేసింది. ఆ గంప తెచ్చినావిడ ఇంకోటి తీసి ఆమె చేతికిచ్చింది.