రెండో పడవ

గుండుగొలను దగ్గర మా ట్రక్కులు ఆగేసరికి సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. వాన తెరిపిచ్చి రెండు గంటలైంది. హైవే మీద తారు ఆరింది. రోడ్డుకు దక్షిణంగా, వరిచేలూ చేపల చెరువులూ ఉండాల్సిన చోట, కంటికి ఆనినంత మేర నీళ్ళే. కొల్లేరు మా బూట్ల దాకా వచ్చేసింది.

మేం ఇరవై రెండు మందిమి. రెండు రబ్బరు పడవలు, రెండు మోటార్లు, ఆరు వాకీటాకీలు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, రెండు మందుల పెట్టెలు. హైస్కూల్లో పదో తరగతి గది మా బేస్. నేను హవల్దారుని. దళంలో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే. నేను, రేడియో ఆపరేటరు, నర్సింగ్ అసిస్టెంటు. మాది ఉంగుటూరు పక్కన పల్లెటూరు. బేస్ దగ్గర బస్సెక్కితే అరగంటలో ఇంట్లో ఉంటాను. పన్నెండు రోజుల్లో ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్తానని అడగనూ లేదు.

అంతకుముందు రెండేళ్ళు మంచుకొండల్లో చేశాను. అక్కడా భయపడ్డాను, దాచుకునేదేం లేదు. కానీ అక్కడ భయం ఎటునుంచి వస్తుందో తెలిసేది. ఇక్కడ తెలియదు. నీళ్ళ కింద చెరువు గట్లు, కంచె తీగలు, ఒరిగిపోయిన కరెంటు స్తంభాలు. పైన గుర్రపుడెక్క. నీళ్ళలో నుంచి పైకి కనిపించే ప్రతి కొమ్మ మీదా పాములు. మొదటిరోజు మా పడవ ఒక తుమ్మచెట్టు కిందగా వెళ్ళింది. బీహారు నుంచి వచ్చిన మా బోటు డ్రైవరు తలెత్తి ఒకసారి చూశాడు. ఆ తర్వాత చెట్టు కనిపిస్తే చాలు, పడవను దూరంగా తిప్పేవాడు.

గట్లు ఎక్కడున్నాయో చెప్పే మనిషి కావాలన్నాం. మండలాఫీసు వాళ్ళు ఒక మాస్టారిని పంపారు. అరవై దాటిన మనిషి, రిటైరైన డ్రిల్లు మాస్టారు. కాపురం ఏలూరులో, ఉద్యోగమంతా కొల్లేరు లంకల్లో. పిల్లల్ని ఆటలకు తీసుకెళ్తూ ఆ గట్లన్నీ కాలినడకన తిరిగినవారు. బేస్‌కి అయిదు కిలోమీటర్ల దూరంలో ఒక లంక ఊళ్ళో స్కూలు మేడ ఉంది. దాని మీద నుంచి చూస్తే చుట్టూ పది ఊళ్ళు కనిపిస్తాయి. మాస్టారు ఆ మేడ మీద కూర్చుంటానన్నారు. రాత్రిపూట ఒక జవాను ఆయనకు తోడుండేవాడు, పగలు పడవలో మాతో వచ్చేసేవాడు.

మా దళాన్ని నడిపించే సుబేదారు సాబ్ ఒక ఆర్డరు వేశారు. మేడ మీద మనిషి ప్రతి అరగంటకీ రిపోర్టు ఇవ్వాలి. స్కూలు మెట్లలో ఎన్నో మెట్టు దాకా నీళ్ళున్నాయో చెప్పాలి. అక్కడితో సరిపోదు. నిద్రమత్తులో ఉన్నవాడు కూడా ఒక అంకె చెప్పగలడు. అందుకని నిమిషంపాటు ఏదో ఒకటి మాట్లాడాలి. మాట తీరును బట్టి మనిషి తెలివిలో ఉన్నాడో లేదో బేస్‌లో కనిపెట్టాలి.

ఆ నిమిషంలో మాస్టారు పాత క్రికెట్ చెప్పేవారు. ఆయన ఉద్యోగం డ్రిల్లు మాస్టారే కానీ ప్రాణమంతా స్కోరు పుస్తకాల్లోనే. ఏలూరు నుంచి ప్యాసింజరు రైలెక్కి, రంజీ మ్యాచ్ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే ప్రతి బంతీ రాసుకునేవారు. మైదానం చుట్టూ నలభై మంది కూడా ఉండేవారు కాదట. "ఎవరో ఒకరు రాయాలి కదండీ" అనేవారు. మా ఆపరేటరు సికింద్రాబాదువాడు. హైదరాబాదు జట్టంటే పడిచస్తాడు. ఇంకేం కావాలి. ముప్ఫై ఏళ్ళ కిందటి ఆంధ్రా, హైదరాబాదు మ్యాచ్‌లు మళ్ళీ మొదలయ్యాయి. ఫలానా క్యాచ్ నేలకు తగిలిందా లేదా అని ఇద్దరూ అయిదు కిలోమీటర్ల నీళ్ళకు అటూ ఇటూ కూర్చుని వాదించుకునేవారు. పడవలో నేను వింటూ నవ్వుకునేవాణ్ణి. ఆ నవ్వు లేకపోతే ఆ నీళ్ళ మీద నేను రోజు గడపలేకపోయేవాణ్ణి.

మాస్టారికి బాగా ఇష్టమైన కథ ఒకటుంది. మా జట్టు తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. ఆట ముగియడానికి ఇంకా నలభై నిమిషాలుంది. పదకొండో నంబరుగా దిగింది తాడేపల్లిగూడెం మనిషి, రైల్వే గుమాస్తా. బ్యాటు పట్టుకోవడమే సరిగా రాదు. ఆ మహానుభావుడు ఒక్క పరుగూ తీయకుండా నలభై నిమిషాలూ నిలబడి మ్యాచ్ డ్రా చేశాడు. ఆ కథ మాస్టారు బంతి బంతికీ చెప్పేవారు. ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య బౌలరు వెనక్కి నడిచి వెళ్ళేంత సేపు నిజంగానే మాట ఆపేసేవారు. మాకు ఊపిరాడేది కాదు.

ఏడోరోజు ఉదయం అయిదున్నరకు తోడున్న జవానును మేం పడవలో ఎక్కించుకున్నాం. మాస్టారు మెట్ల దాకా దిగివచ్చి చెయ్యూపారు. మేం ఈశాన్యంగా రెండు కిలోమీటర్లు వెళ్ళాం. అక్కడ ఒక రైసుమిల్లులో పదకొండు మంది చిక్కుకుపోయారు. మిల్లు చుట్టూ మునిగిన కంచె తీగల్ని ఒక్కొక్కటే కోస్తూ దారి చేసుకోవాల్సి వచ్చింది. ఆరింటికి మొదటి రిపోర్టు వచ్చింది.

"ఏడో మెట్టండీ. రాత్రి తిన్న పులిహోర పడలేదనుకుంటానండీ, కడుపులో నొప్పిగా ఉంది."

అందరం తిన్నది ఆ పులిహోర పొట్లాలే. రెండుపూటలా అవే. నాకూ కడుపు బాగాలేదు. అదే అన్నాను.

ఆరున్నరకు ఏడో మెట్టే అన్నారు. ఆపరేటరు పదకొండో నంబరు కథ చెప్పమన్నాడు. మాస్టారు మొదలుపెట్టారు. ఏడింటికి మధ్యలో ఆగడం ఎక్కువైంది. బౌలరు మరీ దూరం వెళ్తున్నాడని ఆపరేటరు ఎగతాళి చేశాడు. ఏడున్నరకు మాస్టారి మాట ముద్దగా వచ్చింది, నోట్లో కిళ్ళీ ఉన్నట్టు. "ఆపాడు" అన్నారు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ "ఆపాడు" అన్నారు.

"గిట్ల ఆడితే మా బౌలర్లు పండుకుంటరు సార్" అన్నాడు ఆపరేటరు.

నేను మీట నొక్కి, "మాస్టారూ, మీ గుమాస్తా గారు బంతి వెయ్యకముందే ఆపేస్తున్నారండీ" అన్నాను. నా మాటకు నాకే నవ్వొచ్చింది. నవ్వుతూ మీట వదల్లేదు. వాకీటాకీలో ఒకరు మీట నొక్కి ఉంచితే రెండోవాడి మాట ఎవరికీ వినపడదు. పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, నాకది తెలుసు. అయినా వదల్లేదు.

ఆ మ్యాచ్ తెలియని మనిషి ఎవడు విన్నా, ఈయనకు ఏదో అయిందని అప్పుడే అనేవాడు. మాకు తెలుసు కాబట్టి మోసపోయాం. సుబేదారు సాబ్ ఏ నిమిషాన్ని కాపలాగా పెట్టారో, దాన్ని మేమే ఆటగా మార్చేశాం.

ఎనిమిది గంటలకు రిపోర్టు రాలేదు. ఎనిమిదీ నాలుగుకు వచ్చింది. మెట్టు చెప్పలేదు.

"హవల్దారు గారూ..." చాలాసేపు ఆగారు. "మీ వెనకాల... రెండో పడవ... ఎవరిదండీ?"

బేస్‌లో ఉన్న పడవను పంపించారనుకున్నాను. వెనక్కి తిరిగాను. నీళ్ళు, గుర్రపుడెక్క, ఒక స్తంభం మీద కొంగ. పడవ లేదు. ఆపరేటరును అడిగాను. అది ఒడ్డున కట్టేసే ఉందన్నాడు.  

అంతలో రేడియోలోకి నర్సింగ్ అసిస్టెంటు వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. అవసరమైతే తప్ప మాట్లాడడు. అప్పుడే బేస్‌లో వరద బాధితులున్న తరగతి గదులన్నీ తిరిగి వచ్చాడట.

"మాస్టారూ, రెప్పలు ఎత్తగలుగుతున్నారా?"

 మీట నొక్కిన చప్పుడు మాత్రం వచ్చింది. వెనకాల ఊపిరి వినిపించింది. గురకలాంటి ఊపిరి.

"హవల్దార్ సాబ్, కట్లపాము. పడవ తిప్పండి."

మిల్లులో పదకొండు మంది మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళకు తోడుగా జవానును వదిలి, మళ్ళీ వస్తామని చెప్పి తిప్పాం. రెండు కిలోమీటర్లు. మామూలుగా పది నిమిషాల దారి. గట్లు చెప్పేవారు లేరు. రెండుసార్లు గుర్రపుడెక్క మోటారుకు చుట్టుకుంది. రెండుసార్లూ నేను మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి కత్తితో కోశాను. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాలంటే మామూలప్పుడు నాకు ఒళ్ళు జలదరించేది. అప్పుడు జలదరించలేదు. అంతకన్నా పెద్ద భయం లోపల కూర్చుంది. పందొమ్మిది నిమిషాలు పట్టింది.

మాస్టారు పిట్టగోడకు జారగిలబడి ఉన్నారు. రెండు రెప్పలూ వాలిపోయాయి. చొంగ చొక్కా మీదికి కారింది. బొటనవేలు మీట మీదే ఉంది. కాళ్ళూ చేతులూ వెతికాను. గాటు లేదు, వాపు లేదు, రక్తం లేదు. ఆయన పడుకున్న టార్పాలిన్ను డ్రైవరు కర్రతో ఎత్తాడు. నల్లటి ఒళ్ళు, సన్నటి తెల్ల గీతలు. వెచ్చదనానికి వచ్చి ఆయన పక్కనే చుట్టుకుని పడుకుంది. తెల్లవారుజామున ఎప్పుడో ఆయన అటు ఒత్తిగిలి ఉంటారు.

ఆ పాము కాటుకు నొప్పి తెలియదని నర్సింగ్ అసిస్టెంటు తర్వాత చెప్పాడు. ముందు కడుపు నొప్పి. తర్వాత చూపు రెండుగా చీలుతుంది, రెప్పలు పడిపోతాయి, నాలుక మొద్దుబారుతుంది. చివర ఊపిరి. తెలివి మాత్రం పోదు.

ఆయన్ను పడవలో పడుకోబెట్టాం. నర్సింగ్ అసిస్టెంటు రెండో పడవలో బేస్ నుంచి బయల్దేరి మాకు ఎదురొచ్చాడు. రెండు పడవలూ ఒక మునిగిన గట్టు దగ్గర కలుస్తుండగా మాస్టారి ఛాతీ కదలడం ఆగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఏమీ లేదు. నేను మీట నొక్కి, "మాస్టారు పోయారు" అన్నాను.

నర్సింగ్ అసిస్టెంటు నా పడవలోకి దూకాడు. మాస్టారి మూతికి మాస్కు నొక్కిపెట్టి, దానికున్న ఊపిరి ఊదే రబ్బరు సంచి నా చేతికిచ్చాడు. అయిదు సెకన్లకు ఒకసారి పిసకమన్నాడు. ఆగకూడదన్నాడు. హైవే దాకా ఇరవై ఆరు నిమిషాలు. అక్కణ్ణించి అంబులెన్సులో ఏలూరు పెద్దాసుపత్రి దాకా ముప్ఫై అయిదు. నేను పిసికాను, వాడు పిసికాడు, మళ్ళీ నేను పిసికాను. నేను మానేస్తే ఒక మనిషి చచ్చిపోతాడు. అంత తిన్నగా ఆ మాట అంతకుముందు ఏ డ్యూటీలోనూ నాకు తెలిసిరాలేదు.

మిల్లులో వాళ్ళను మధ్యాహ్నానికి బయటికి తెచ్చారు. పదకొండు మందీ క్షేమం.

పన్నెండో రోజు మాకు తిరుగు ఆర్డరు వచ్చింది. వెళ్తూ ఆసుపత్రిలో అద్దం బయట నిలబడి చూశాను. మెషీను ఊపిరి పోస్తోంది. ట్రక్కెక్కి కంటోన్మెంటుకు వెళ్ళిపోయాను. ఆయన బతికారని నెల తర్వాత ఆపరేటరు చెబితే బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

రెండేళ్ళకు రిటైరై తాడేపల్లిగూడెంలో ఒక గోడౌన్లో సెక్యూరిటీ పనికి కుదిరాను. ఆదివారం పొద్దున ఏలూరు వస్తాను. గ్రౌండులో సిమెంటు గట్టు మీద మీరంతా మాస్టారి చుట్టూ చేరి పాత మ్యాచ్‌లు అడుగుతారు. ఆయన పదకొండో నంబరు కథ మొదలుపెట్టగానే నేను టీ వంకతో లేచిపోతాను. మిలిటరీవాడికి ఓపిక లేదని ఆటపట్టిస్తారు. పట్టించండి.

ఒకరోజు ఆయన్ను ఒంటరిగా దొరకబుచ్చుకుని అడిగాను. నేను మీట నొక్కి నవ్విన ఆ కాసేపట్లో తమరేమన్నారండీ అని.

"కళ్ళు మూసుకుపోతున్నాయి, రమ్మన్నానండీ" అన్నారు. "మీరు నవ్వడం అయ్యాక మళ్ళీ చెబుదామనుకున్నాను. నాలిక తిరగలేదండీ. కాసేపటికి కూడగట్టుకుంటే ఆ రెండో పడవ మాటలే వచ్చాయండీ." నొప్పించానేమో అనుకున్నారు కాబోలు, నా భుజం తట్టి టీ తెప్పించారు.

పడవలో నా మాట ఆయనకు వినపడిందా అని మాత్రం అడగలేదు, అడగను కూడా. పోయారని నేను రేడియోలో చెప్పి మీట వదిలిన మరుక్షణం, నర్సింగ్ అసిస్టెంటు బొటనవేలితో ఆయన కుడి రెప్ప పైకెత్తాడు. కింద కన్ను కదల్లేదు. కానీ అది చచ్చిపోయిన మనిషి కన్ను కాదు. దాన్నిండా నీళ్ళు ఊరి, చెంప మీదికి జారాయి. అది నన్నే చూస్తోంది.