మా లైన్లకు పాడవచ్చినవాళ్ళకు నేను చెప్పిన మాటలు

గిర్మిట్ అనే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద సముద్రం దాటి ద్రాసా చెరకు తోటకు వచ్చిన రెండో ఏటి నుంచి, మా లైన్లకు, అంటే కూలీల గదుల వరసలకు, ఏ పాటగాళ్ళు వచ్చినా ముందు నన్ను కలిసేవాళ్ళు. నేను పాడేవాణ్ణి కాదు. డోలక్కు మీద చెయ్యి వేస్తే నాలుగు దెబ్బలకే దరువు తప్పేవాణ్ణి. కానీ పాట ఉందంటే అన్నం మానేసి వెళ్ళేవాణ్ణి. విశాఖపట్నం జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల ఎక్కడ భజన జరిగినా, ఎక్కడ కథ చెప్పినా నేను ముందు వరసలోనే ఉండేవాణ్ణి. ఓడ దిగాక అదంతా పోయిందనుకున్నాను. వారానికి ఆరు రోజులు చెరకు తోటలో పని, ఏడో రోజు ఉతుకులూ నిద్రా. ఆ ఏడో రోజునే అప్పుడప్పుడు పక్క తోటల నుంచి పాడేవాళ్ళు వచ్చేవాళ్ళు.

మొదటిసారి వచ్చిన జట్టు ఎంత అవస్థపడిందో నా కళ్ళారా చూశాను. రెండు తోటల అవతల నుంచి సెలవు అడుక్కుని, రైలు పట్టాల వెంట నడిచి వచ్చారు ముగ్గురు. ఆదివారం పొద్దున్నే లైన్ల ముందు కూర్చుని పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళందరూ బట్టలతో వాగు దగ్గర ఉన్నారు. మగవాళ్ళలో సగంమంది కట్టెలకు పోయారు. మిగిలిన సగం హిందీవాళ్ళు. వాళ్ళు కాసేపు విని, ఒక్క ముక్కా అర్థం కాక లేచిపోయారు. అప్పటికీ పాపం ఆ ముగ్గురూ మానలేదు. మధ్యాహ్నానికి జనం తిరిగొచ్చి గుంపు కట్టేసరికి పాటగాళ్ళ గొంతులు బొంగురుపోయాయి. అవతల గుట్ట మీద తెల్ల దొర బంగళా ఉంది. ఆ దొరను మేము కులంబరు అనేవాళ్ళం. వీళ్ళు గుట్ట వైపు మొహం పెట్టి కూర్చోవడంతో చప్పుడంతా సూటిగా అక్కడికే వెళ్ళింది. భోజనం చేసి పడుకున్న దొర, మా చేత పని చేయించే సర్దారును పంపించి పాట ఆపించాడు. చివరి పాట సగంలో ఆగిపోయింది. వాళ్ళు డోలక్కు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయారు. నాకు వారం రోజులు మనసు మనసులో లేదు.

అప్పటి నుంచి ఎవరైనా వస్తున్నారని కబురు తెలిస్తే, పట్టాలు మలుపు తిరిగే చోటికి నేనే ఎదురు వెళ్ళేవాణ్ణి. నడుస్తూనే చెప్పాల్సినవన్నీ చెప్పేవాణ్ణి. ముందుగా సర్దారు దగ్గరికి వెళ్ళి కనబడండి, అడగకుండా కూర్చుంటే ఆయనకు కోపం వస్తుంది. ఎండ వాలేదాకా మొదలుపెట్టకండి. గుట్టకు వీపు పెట్టి, వాగు వైపు తిరిగి పాడండి. మొదటి రెండు పాటలూ హిందీలో ఎత్తుకోండి, రాముడి పాటైతే మరీ మంచిది, హిందీవాళ్ళు ఒకసారి కూర్చున్నారంటే తరవాత తెలుగు పాడినా లేవరు. ఇక్కడి చెమ్మకు డోలక్కు తోలు జారిపోతుంది, మంట మీద వెచ్చబెట్టుకోండి, కానీ ఆ మంట లైన్ల దగ్గర వెయ్యకండి, చెరకాకు ఎండిపోయి ఉంటుంది. ఇలా చెప్పుకుంటూ పోయేవాణ్ణి. కొందరు విన్నారు, కొందరు నవ్వారు.

యంగోనా సంగతి మాత్రం నవ్వినవాళ్ళకు అనుభవమయ్యాకే తెలిసింది. వాగు అవతల, ఈ దీవిలోనే పుట్టిపెరిగిన కైవీతీల ఊరు ఉంది. పాటంటే వాళ్ళకూ ఇష్టమే. వచ్చినవాళ్ళకు మర్యాదగా యంగోనా వేరు దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరి చిప్పతో అందించేవాళ్ళు. కాదనడం తప్పు. ఒక చిప్ప తాగి చప్పట్లు కొట్టి చాలనండి, మిగతాది పాట అయ్యాక తాగండి అని చెప్పేవాణ్ణి. ఒక జట్టు పెద్ద నా మాట వినకుండా నాలుగు చిప్పలు తాగాడు. నాలుక మొద్దుబారి, పద్యంలో ‘ర’ అన్నచోటల్లా ‘ల’ వచ్చింది. జనం పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వేశాడు గాని, మళ్ళీ మా వైపు రాలేదు.

ఇవన్నీ చెప్పాక చివర ఒక మాట గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. జోలపాట మాత్రం పాడకండి.

దానికి కారణం మా లైనులో ఉన్న ఒకామె. నాతో పాటు అదే ఓడలో వచ్చింది. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను తమ్ముడా అనేది. ఇక్కడికి వచ్చాక ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పిల్లలను ఒక ముసలమ్మ దగ్గర వదిలి తల్లులు తోటకు వెళ్ళాలి. ఒక వానకాలంలో రక్తవిరేచనాలు పట్టుకుని ఆ పిల్ల రెండు రోజుల్లో పోయింది. అప్పటికి అడుగులు వేస్తోంది. మూడో రోజుకు అక్క మళ్ళీ కత్తి పట్టుకుని పనిలోకి వచ్చింది. ఆ తరవాత కొద్ది వారాలకే ఆ మొదటి జట్టు వచ్చింది. సర్దారు ఆపించిన పాట జోలపాటే. అది ఎత్తుకోగానే ఆమె లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను చూశాను. ఆ రోజే మనసులో నిశ్చయించుకున్నాను, ఇక ఆ పాట మా లైన్లలో వినబడకూడదని. రెండేళ్ళు వినబడలేదు కూడా.

నాలుగో ఏట తవువా వైపు నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళు గిర్మిట్ ముగించుకున్న ఖుల్లా మనుషులు, ఎవరి సెలవూ అడగక్కర్లేదు. మిల్లు రైలు ఎక్కి తోటతోటకూ తిరిగి పాడుతున్నారు. పెద్దాయనకు గడ్డం నెరిసింది. తాళాలు మిల్లులో పాత ఇత్తడితో పోయించుకున్నారట, చప్పుడు ఖంగుమని వినబడేది. ఆయన నా మాటలన్నీ నిలబడి విన్నాడు. జోలపాట సంగతీ అక్క సంగతీ చెప్పగానే మాత్రం, “ఆయమ్మ ఒద్దందా?” అని అడిగాడు. ఆమె ఏమీ అనలేదని, నేనే అర్థం చేసుకున్నానని చెప్పాను. ఆయన నా మొహం చూసి, సరేనని తల ఊపాడు.

ఆ సాయంత్రం పాట బాగా కుదిరింది. హిందీవాళ్ళు కూర్చున్నారు, కైవీతీలు కూర్చున్నారు, బంగళా నుంచి ఎవరూ రాలేదు. ఇక ముగిస్తారనగా ఆడవాళ్ళలోంచి అక్క లేచి ముందుకు వచ్చింది. చెంగు నడుముకు దోపుకుని పెద్దాయన ఎదురుగా నిలబడి, జోలపాట వచ్చా అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. ఆమె కూడా ఆ చూపు పోయిన వైపే తిరిగి నన్ను చూసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన పాడాడు. డోలక్కు వాయించవద్దని చేత్తో సైగ చేసి, తాళాలు మాత్రం మెల్లగా కలిపించాడు. ఆ పాటలో మేనమామ పడవ ఎక్కి మేనకోడలిని చూడడానికి వస్తాడు. అక్కడికి రాగానే అక్క ఆపమంది.

“మా కాడ పడవ లేదు బావూ. మావ నడిసే వొస్తాడు. పనసకాయ నెత్తి మీనెట్టుకోనొస్తాడు.”

అయితే నువ్వే పాడమ్మా అని ఆయన పక్కకు జరిగాడు. ఆమె నిలబడే పాడింది. గొంతు గొప్పదేమీ కాదు. పనసకాయ మోసుకొచ్చే మామ దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అందుకున్నారు, తరవాత చాలామంది అందుకున్నారు. వాళ్ళలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారని నాకు అప్పుడే తట్టింది. ఆమె ఏడవలేదు. చివరిదాకా పాడి, వెళ్ళి తన చోట కూర్చుంది.

మర్నాడు తోటలో తిండి వేళ ఆమె నా పక్కనే కూర్చుని రొట్టె మూట విప్పింది. నేనే ముందు మాట్లాడాల్సింది. ఆమే అడిగింది.

“ఆ పాట నాకొద్దని నానెవులితో సెప్పినాను తమ్ముడా?”

మొదటి జట్టు పాడిన రోజు నువ్వు లేచి వెళ్ళిపోయావు కదా, అందుకే అలా అనుకున్నానని చెప్పాను.

“పొయ్యి మీద దాలు మాడతాందని ఎల్నాను,” అంది. “తిరిగొచ్చీసరికి పాట ఆపించేసినారు. మల్లా ఎప్పుడు పాడతారా అని రెండేల్లు సూసినాను. నా పిల్ల పోయిన కాణ్ణుంచి దాని పేరు ఎవులూ ఎత్తనేదు. నాను బాదపడతానని మానీసినారు. పాటొకటుంటే, అది కూడా నువ్వు మానిపించీసినావు.”

తప్పయిందక్కా అన్నాను. ఆమె తన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టి, సర్దారు అరవకముందే తినమంది. అంతకుమించి ఆ సంగతి మా మధ్య రాలేదు. కానీ ఆ రోజు పని అయి తిరిగి వస్తుంటే నేనే అడిగాను, నీ పిల్లకు ఎవరి పోలిక వచ్చిందక్కా అని. లైన్లు వచ్చేదాకా చెప్పింది. పిల్ల ఎడమ చేత్తో తినేదట. కులంబరు గుర్రాన్ని చూస్తే చప్పట్లు కొట్టేదట.

పాటగాళ్ళకు ఎదురు వెళ్ళడం నేను మానలేదు. సర్దారు సంగతీ, ఎండ సంగతీ, యంగోనా సంగతీ మునుపటిలాగే చెప్పేవాణ్ణి. మనుషుల సంగతి మాత్రం చెప్పడం మానేశాను. ఎవరికి ఏ పాట కావాలో వాళ్ళనే అడగండి అనేవాణ్ణి. అడిగితే జనం రకరకాలుగా చెప్పారు. ఎప్పుడూ నవ్వని ఒక ముసలాయన సరసం పాట అడిగాడు. ఒక హిందీ ఆవిడ తెలుగు పాటే మళ్ళీ పాడమంది, మాట తెలియకపోయినా వరస నచ్చిందట.

గిర్మిట్ తీరాక అక్కా ఆమె భర్తా కౌలు నేల తీసుకుని తవువా వైపు వెళ్ళిపోయారు. నేను ద్రాసాలోనే ఉండిపోయాను. ఆ తరవాత కొన్నేళ్ళకు ఒక పెళ్ళికి తవువా వెళ్ళినప్పుడు ఆమెను చూశాను. పెళ్ళి పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది, జుట్టు బాగా నెరిసింది. ఒడిలో రెండేళ్ళ కొడుకు నిద్రపోతున్నాడు. నన్ను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది. ఇక్కడి పాటగాళ్ళు మరీ తొందరపడి పాడతారని, కాస్త వెళ్ళి చెప్పమని అంది. నేను వెళ్ళి చెప్పాను.