నోటుబుక్కులో నా పేరు

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతూ తార్నాకలో అద్దెగదిలో ఉండేదాన్ని. మాది గుడివాడ. నాతో గది పంచుకున్న యాదమ్మది జనగామ దగ్గర పల్లె, బి.ఏ. చదివేది. ఆమె ఇంగ్లీషు విని ఒకట్రెండుసార్లు నవ్వాను కూడా.

నేను గదిలోకి రాగానే ఆమె ఏదో నోటుబుక్కు గబుక్కున దిండు కింద పెట్టేసేది. నా గురించి ఎవరికో రాస్తోందని అనుమానం పట్టుకుంది. నా పెట్టెకు తాళం వేయడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం మెట్టుగూడ చర్చి నుంచి తొందరగా వచ్చేశాను. యాదమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. దిండెత్తి నోటుబుక్కు తీశాను. అనుకున్నట్టే అందులో నా పేరుంది.

తీరా చూస్తే అది క్లాసులో ఇచ్చిన పని. ఒక్కో ఫ్రేజల్ వెర్బ్‌తో రెండు వాక్యాలు రాయాలి, ఒకటి ఆ పదాల సూటి అర్థంలో, రెండోది వాడుక అర్థంలో. 'లుక్ డౌన్ ఆన్' కింద మొదటి వాక్యంలో యాదమ్మ డాబా మీంచి కిందున్న రోడ్డును చూస్తోంది. రెండో వాక్యంలో సుగుణ ఆమెను చిన్నచూపు చూస్తోంది.

తలెత్తితే గుమ్మంలో యాదమ్మ, తడి చేతులతో.

"నీతోని దిద్దిపిచ్చుకుందామనే అనుకున్న సుగుణక్కా. నవ్వుతవని దాచిన," అంది. "ఎట్లనో చూసినవు గదా. తప్పులేమన్న ఉన్నయా?"

రెండో వాక్యం మళ్లీ చదివాను. ఒక్క తప్పూ లేదని చెప్పాను.

తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. 'లుక్ డౌన్ ఆన్' వచ్చినప్పుడల్లా బోర్డు మీద యాదమ్మ వాక్యమే రాసేదాన్ని, నా పేరు మార్చకుండా.