జపాను అప్పుతో కట్టిన రేవుకు

మా ఆయన గోదావరిఖనిలో బొగ్గు గని పనికి సెలవు పెట్టి విశాఖపట్నం రేవులో ఫిట్టరుగా చేరారు. అక్కడే ఉంటారో, గనికి తిరిగొస్తారో వారంలోగా తేల్చాలి. “నువ్వొచ్చి చూడు, నీ మాటే నా మాట” అని కబురు పంపితే పాపను ఎత్తుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

పొద్దున రామగుండంలో ప్యాసింజరు ఎక్కి కాజీపేటలో దిగాను. బెజవాడ బండి మధ్యాహ్నానికి గానీ లేదు. పిల్లలున్నవాళ్ళు అక్కడే పాలు కాయించుకోవడం మంచిది.

బండిలో పక్కనున్న ముసలమ్మ నా సంగతి విని నవ్వింది. “గనిల కప్పు కూలుతదని భయం, గక్కడ సముద్రం ముంచుతదని భయం. గిట్లయితే మొగోడు ఏం పని జేస్తడు బిడ్డా?” మహబూబాబాదులో ఆమె దిగిపోయాక మాట్లాడేవాళ్ళు లేకపోయారు.

బెజవాడలో బండి మారాను. తెల్లవారి తుని దాటాక నేను రేవుకు వెళ్తున్నానని విని ఎదుటి సీటు గుమాస్తా పేపరు దించాడు. “ఆ రేవును జపానువాళ్ళ అప్పుతో కట్టారండి. ఇనుప రాయి మనది, ఓడ వాళ్ళది, ధరా వాళ్ళదే. రేపు రేవు తాళాలు అడగరా?”

“వాళ్ళు కొనడం మానేస్తే మా ఆయన పని?”

“అది ఢిల్లీవాళ్ళకే తెలియదమ్మా.”

వాల్తేరు స్టేషనుకు మా ఆయన వచ్చారు. ఉండేది ఒకే గది. మా ఊళ్ళో ఆరేసిన బట్టలు నల్లబడతాయి, ఇక్కడ ఇనుప రాయి దుమ్ముకు ఎర్రబడతాయి. ఆయన డ్యూటీకి వెళ్ళాక చూస్తే చుట్టూ మూసిన తలుపులే.

మధ్యాహ్నం పెద్ద కూత వినిపించింది. మా గనుల దగ్గర వేళ కాని వేళ సైరన్ మోగితే ఆడవాళ్ళందరం గేటుకు పరుగెత్తుతాం. పాపను చంకనేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తాను. గేటు దగ్గర ఇంకో ఆడమనిషి లేదు. కాపలా మనిషిని అడిగాను, “ఎంతమంది?”

“ఎంతమందేటమ్మా?”

“లోపల... ఎంతమంది పోయిండ్రు?”

అతను తెల్లబోయాడు. “జపాను ఓడమ్మా! రాయి ఎత్తుకెళ్ళనానికొచ్చింది. అది అలాగే కూస్తాది.”

కంచె అవతల గుట్టంత ఓడ. చెప్పుల్లేని కాళ్ళతోనే గదికి తిరిగొచ్చాను.

సాయంత్రం మా ఆయన, “జపానోళ్ళకు ఎదురుకోలు పోయినవంట గద!” అని ఆటపట్టించారు. ఆ తర్వాత నెమ్మదిగా, “రేపు జవాబియ్యాలె” అన్నారు.

“అప్పు కింద రేవునే గుంజుకుంటే?”

“ఏమో. గప్పుడు పని పోతది. మనిషైతే పోడు గద.”

“అయితే ఈడనే ఉండుండ్రి” అన్నాను.

కుటుంబాలకు ఇళ్ళు ఇంకా కట్టలేదు. అందుకే ఆయన్ని అక్కడే ఉంచి పాపా నేనూ తిరుగుబండి ఎక్కాం. పగటి బండైతే రాజమండ్రిలో గోదావరి కనిపిస్తుంది, చూడదగ్గదే. ఆ రేవు చివరికి ఎవరిదవుతుందో నాకు తేలలేదు. రామగుండంలో దిగి గోదావరిఖని చేరేసరికి షిఫ్టు విడిచి సైకిళ్ళు వస్తున్నాయి. వాటి మీద నేను వెతకవలసిన మనిషి ఇక ఉండడు.